కాలే ఇసుక మీద బల్లి

ఎడారి అంచున ఉండే ఖలీల్ పీరుగారి దగ్గర శిష్యుడిగా చేరినవాడికి ముందుగా ఒక ఈతచాప చేతికిస్తారు. ఎక్కడ పరుచుకుంటే అదే వాడి చోటు. అక్కడే కూర్చుని అల్లాను తలుచుకోవాలి.

ఇల్యాస్‌కి ఆ చోటే కుదరలేదు. బావి పక్కన వేస్తే గిలక కీచుమంటుంది. వంటపాక వెనక వేస్తే ఉల్లిపాయల ఘాటు. ఖర్జూరపు చెట్టు నీడన వేస్తే చీమలు.

"చాపను ఇంత ఊరేగిస్తున్నావు, దానికి పెళ్లెప్పుడు నాయనా?" అనేది వంటచేసే జైతూన్ బీ.

ఇల్యాస్‌కి నవ్వొచ్చేది కాదు. ఇద్దరు గురువుల్ని విడిచి వచ్చినవాడాయె. కళ్లు మూస్తే చాలు, లోపల తేనెపట్టు కదిలినట్టుండేది.

ఒక మిట్టమధ్యాహ్నం చాప చుట్టి చంకన పెట్టుకుని పీరుగారి ముందు నిలబడ్డాడు.

"బాబా, సాయంత్రం ఒంటెల బిడారు పోతోంది. నాకు సెలవిప్పించండి. ఇక్కడ మనసు నిలవడం లేదు."

"పోయేచోట నిలుస్తుందా?"

"అక్కడా నిలవకపోతే ఇంటికే పోతాను. దేవుడు నా నొసట రాసిపెట్టి లేడనుకుంటాను."

"సరే పద. ఆ ఇసుకతిన్నె దాకా సాగనంపుతాను" అని ముసలాయన చెప్పులు గుమ్మంలోనే వదిలేసి బయల్దేరారు. గురువు వట్టికాళ్లతో నడుస్తుంటే శిష్యుడు చెప్పులతో ఎలా నడుస్తాడు? ఇల్యాస్ కూడా విడిచాడు.

తిన్నె మీద ఇసుక పెనంలా కాలుతోంది. అక్కడొక బల్లి. ఒళ్లంతా ఇసుక రంగే, వీపున నువ్వులు చల్లినట్టు చుక్కలు. మూతి పారలా పలచన. కాలివేళ్లకి దువ్వెనపళ్లలాంటి అంచులు. ముందుకాలొకటి, దానికి ఎదురువైపు వెనకకాలొకటి గాల్లోకెత్తి నిలబడింది. చప్పున ఆ జత దించి రెండో జత ఎత్తింది. నాలుగడుగులు ఉరికింది. అక్కడా అదే ఆట.

"ఇద్దరూ భలే జోడీగా ఆడుతున్నారే!" అన్నారు పీరుగారు.

ఇల్యాస్ కిందికి చూసుకున్నాడు. తనూ ఒక కాలు దించి ఒక కాలు ఎత్తుతూనే ఉన్నాడు.

అంతలో బల్లి మూతి ఇసుకలో గుచ్చి ఒళ్లంతా ఒక్క వణుకు వణికింది. చూస్తుండగానే ఉత్త ఇసుక మిగిలింది.

"పారిపోయింది" అన్నాడు ఇల్యాస్.

పీరుగారు మెల్లగా మోకాళ్ల మీద వంగి, రెండు చేతులా మోచేతి లోతున ఇసుక తోడారు. శిష్యుడి పాదం పట్టుకుని ఆ గుంటలో పెట్టారు. తర్వాత రెండోది.

"అయ్యో బాబా, నా కాళ్లు మీరు..." అనబోయి ఆగిపోయాడు.

కింద చల్లగా ఉంది.

అతని ముందే, బల్లి మాయమైన చోటే, ఇసుకలోంచి రెండు చిన్న కళ్లు పైకి చూస్తున్నాయి.

"పారిపోలేదురా" అన్నారు పీరుగారు చేతులు దులుపుకుంటూ. "దిగింది."

సాయంత్రం ఒంటెల గంటలు మోగుతూ దూరమైపోయాయి. జైతూన్ బీ నీళ్లకోసం బావి దగ్గరికొచ్చింది. గిలక పక్కనే చాప పరిచి ఉంది. ఏదో అనడానికి నోరు తెరిచి, కళ్లు మూసుకున్న ఇల్యాస్‌ని చూసి ఊరుకుని, చేద లోపలికి వదిలింది.

గిలక కీచుమంటూనే ఉంది.