ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి

పరాంకుశం గారు వైద్య కళాశాలలో ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పారు. ఎవరేమడిగినా నేరుగా జవాబు చెప్పే అలవాటు మాత్రం ఆయనకు లేదు. ముందు కాఫీ రావాలి, తర్వాత కథ రావాలి.

ఆయన దగ్గర చదివిన డాక్టర్ శశిరేఖకు ఒక పార్టీవాళ్ళు ఎమ్మెల్యే టికెట్టు ఇస్తామన్నారు. ఏ సంగతీ మర్నాటికి చెప్పాలి. ఆమె గురువుగారి దగ్గరికి పరుగున వచ్చింది.

"పన్నెండేళ్ళు చదివాను గురువుగారూ. ఎన్నికల్లో నిలబడితే ఆ చదువంతా గంగలో కలిసినట్టేనా?"

కాఫీ వచ్చింది. గురువుగారు మొదలుపెట్టారు.

"నీకంటే ముందు కోదండపాణి అని నా శిష్యుడొకడు ఉండేవాడు. మంచి డాక్టరు, మెట్ట ప్రాంతంలో ఎమ్మెల్యే అయ్యాడు. రోజూ పొద్దున్నే వాకిలి నిండా జనం, చేతుల్లో అర్జీలు. వచ్చిన ప్రతి అర్జీ మీదా అందరు నాయకుల్లాగే 'తగు చర్యకై' అని రాసి సంతకం పెట్టేవాడు. మూడేళ్ళు రాశాడు. ఒక్క పనీ కాలేదు. విసిగిపోయి, రాజీనామా చేసేద్దామని పాత క్లినిక్కుకు సున్నం కూడా వేయించుకున్నాడు.

ఒకరోజు ఆ గుంపులోనే ఎవరో తమ పిల్లాడికి జ్వరమంటే మందు చీటీ రాసిచ్చాడు. వెనకే ఓబులమ్మ అనే ముసలామె తన ఊరికి మంచినీళ్ళ ట్యాంకరు కావాలని అర్జీ పెట్టింది. మనవాడు పక్కవాళ్ళతో మాట్లాడుతున్నాడు, చెయ్యి మాత్రం ఆగలేదు. 'ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి. వారం రోజులు. తర్వాత తెచ్చి చూపించాలి' అని ఆ అర్జీ మీద రాసేసి సంతకం పెట్టాడు.

ఆమె తీసుకెళ్ళిన ఆ కాగితం చూసి నీళ్ళ ఇంజినీరు హడలిపోయాడు పాపం. 'తగు చర్యకై' అన్నవాటిని బీరువాలో పెట్టడం ఆయనకు వచ్చు. దీన్నెక్కడ పెట్టాలి? ఎన్ని, ఎప్పుడు, ఎన్నాళ్ళు, అంతా రాసి ఉంది. పైగా చూపించమన్నాడాయె! ఆ సాయంత్రానికే ఊళ్ళోకి ట్యాంకరు వచ్చింది.

వారం తిరిగేసరికి ఓబులమ్మ చంకలో బిందెతో, చేతిలో ఆ అర్జీతో, వెనక సగం ఊరితో దిగింది. 'తెచ్చి చూపించమంటివి గదయ్యా, తెచ్చినా' అంది. మనవాడికి ఏమీ అర్థం కాలేదు. కాగితం తీసుకుని తన రాత చూసుకున్నాడు. పగలబడి నవ్వాడు, కళ్ళ వెంట నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. ఓబులమ్మ బిందెలో నీళ్ళు గ్లాసుతో ముంచి ఇస్తే డాక్టరు అలవాటు కొద్దీ వెలుతురుకెత్తి చూసి, గటగటా తాగేసి, 'ఇప్పుడెట్లా ఉందమ్మా?' అని అడిగాడు.

'గుణం కనపడిందయ్యా' అందామె. 'మందు ఆపబాక!'

జనమంతా ఘొల్లుమన్నారు. రాజీనామా మాట మళ్ళీ ఎత్తలేదు వాడు. రెండేళ్ళకు ఆ ఊళ్ళో కుళాయిలొచ్చాయి. మొదటి బిందె పట్టింది ఓబులమ్మే."

శశిరేఖ నవ్వుతూనే అడిగింది. "అయితే నన్ను నిలబడమంటారా, వద్దంటారా?"

గురువుగారు ఖాళీ కప్పు కింద పెట్టారు.

"అది నీ ఇష్టం అమ్మాయ్. కానీ 'తగు చర్యకై' అని రాసిన చీటీ పట్టుకెళితే, మందుల షాపువాడు ఏమిస్తాడంటావు?"