ఈదన్న పిలుపు

తోకల ఈదన్నకు పులులు పలకడం మానేశాయి.

అతను ఇందుకోట సంస్థానంలో రాజావారి వేటగాడు, చెంచువాడు. మట్టికుండలో నోరు పెట్టి, తోడు కోసం ఆడపులి మూలిగినట్టే మూలిగేవాడు. అది విని మగపులి ఎంత దూరాన ఉన్నా లేచి వచ్చేది. మంచె మీంచి, వేటకొచ్చిన తెల్లదొర కాల్చేవాడు. ఆనక దానిమీద కాలు మోపి రాజావారి పక్కన ఫొటో దిగేవాడు. ఆ ఫొటోల్లో ఈదన్న ఉండేవాడు కాదు. అయినా, "నేను పిలిస్తే రాని పులి లేదు" అని మీసం మెలేసేవాడు. అవి కోతలు కావు, నిజమే.

ఇప్పుడు హైదరాబాదు నుంచి పెద్దదొర వస్తున్నాడు. తూర్పు అడవిలో మంచెలు కట్టారు, గుడారాలు వేశారు, సోడా పెట్టెలు దింపారు. ఐదు రోజులుగా ఈదన్న గొంతు చించుకుంటున్నా ఆకు కదల్లేదు.

"ఎల్లుండికి పులి రాకపోతే తుపాకి అప్పగించి అడవి దిగిపో" అన్నారు రాజావారు.

అడవి దిగి ఎక్కడికి పోతాడు? పుట్టింది అక్కడే, పెళ్ళాన్ని పూడ్చిపెట్టిందీ అక్కడే. కాళ్ళీడ్చుకుంటూ పడమటి గుట్ట మీద దర్గాకు వెళ్ళాడు. అక్కడి ముసలి ఫకీరు మీరాన్ షా అతనికి గురువు. పదకొండేళ్ళుగా ప్రతి శుక్రవారం పొద్దున ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని వస్తాడు.

"తాతా, ఒక తాయెత్తు కట్టు. పులి వస్తలేదు."

ఫకీరు దీపపు కుంది తుడుస్తూ తలెత్తలేదు. "ఏదీ, ఈడ పిలువు."

"ఈడనా? ఈ దిక్కు ఎన్నడూ మంచె కట్టలే. ఈడ పులేడిది?"

"పిలువురా."

పొద్దు వాలుతోంది. ఈదన్న గోడవారనున్న నీళ్ళకుండ వంపి, నోరు పెట్టి పిలిచాడు. ఏమీ లేదు. మళ్ళీ పిలిచాడు.

దూరంగా, గుట్ట కింది వాగు అవతలి కొండ నుంచి జవాబొచ్చింది.

"ఉన్నది తాతా!" ఈదన్న ఎగిరి గంతేశాడు. మళ్ళీ పిలవబోతే ఫకీరు కుండ మూతి మీద అరచెయ్యి పెట్టాడు.

పులి ఆగలేదు. కేక వెనక కేక వేసుకుంటూ దగ్గరకొచ్చింది. కాసేపటికి వాగు అవతలి ఇసుకలో కనబడింది. ముసలి మగపులి, డొక్కలు లోపలికి పోయాయి. ప్రతి పొద దగ్గరా ఆగి వాసన చూసింది. నీళ్ళు తాగలేదు. నిలబడి, గొంతు తగ్గించి ఒకసారి పిలిచి, చెవులు నిక్కబొడుచుకుంది. తర్వాత ఇసుకలో కూర్చుంది.

ఈదన్న ఎన్నో పులులు రావడం చూశాడు. వచ్చిన పులి ఎదురుచూడటం ఎన్నడూ చూడలేదు. ఆ లోపలే తుపాకి పేలేది. పెళ్ళాం పోయి మూడేళ్ళయినా, అడవి నుంచి రాగానే గుడిసె ముందు నిలబడి, వచ్చానని తెలిసేట్టు దగ్గడం అతనికింకా పోలేదు. అది గుర్తొచ్చింది.

చీకటి పడుతుంటే పులి లేచింది. నాలుగడుగులు వేసి వెనక్కి చూసింది. ఇంకో నాలుగు వేసి మళ్ళీ చూసింది. అప్పుడు పొదల్లోకి పోయింది.

ఫకీరు కుండ మీది చెయ్యి తీశాడు.

"రెండేండ్ల సంది దినాం ఇదే యాళకు అరుస్తున్నది బిడ్డా. దానికి జవాబు రావుడు ఇయ్యాల్నే."

తాయెత్తు సంగతి ఈదన్న మళ్ళీ ఎత్తలేదు.

తెల్లారి దివాణానికి వెళ్ళి, తుపాకి రాజావారి మెట్ల మీద పెట్టాడు. రాజావారికి కోపం నషాళానికంటింది.

"ఏమిరా, నా అడవిలో ఒక్క పులి కూడా లేదా?"

"ఉన్నది దొరా" అన్నాడు ఈదన్న. "పిలిచేటోడే లేడు."