ఎవరూ చెప్పకుండా కట్టిన డబ్బు

అనకాపల్లి పక్కన సూరిశెట్టోళ్ల ఇంట్లో నలుగురుంటారు. నలుగురికీ తెలివి ఎక్కువే. అది ఊళ్లోవాళ్లు అన్న మాట కాదు, వాళ్లకి వాళ్లే అనుకున్న మాట. "మనింట్లో ఉన్నంత తెలివి ఇంకో ఇంట్లో ఉంటే ఆ గోడలు ఆగుతాయా?" అంటాడు పెద్దోడు జోగినాయుడు. వెంటనే పెళ్లాం నూకరత్నం గోడ తట్టి చూస్తుంది. గట్టిగానే ఉంటుంది. అందరికీ నెమ్మది.

జోగినాయుడిది మునిసిపాలిటీలో నీళ్ల మోటారు దగ్గర ఉద్యోగం. చేరిన కొత్తలో పైఆఫీసరు "ట్యాంకు నిండేదాకా చూస్తూ ఉండు" అని చెప్పి వెళ్లాడు. ఇతను చూశాడు. నిండింది. పొంగింది. రోడ్డు మీద పిల్లలు కాగితం పడవలు వదిలారు. ఆఫీసరు పరిగెత్తుకొచ్చి "మోటారు ఆపలేదేం?" అని అరిస్తే, "నిండేదాకా చూడమన్నారు, చూశాను. ఆపమన్లేదు కదండీ" అన్నాడు. ఇంట్లో ఆ జవాబు మళ్లీ మళ్లీ చెప్పించుకున్నారు. తమ్ముడు గవరేశు ఈల కూడా వేశాడు.

ఇంత తెలివైన ఇంటికి ఒకటే బాధ. ఎండాకాలం. తల్లి పోలమ్మకి అరవై ఎనిమిదేళ్లు, ఒళ్లంతా చెమటకాయలు. ఎండ ముదిరిందంటే బాత్రూంలో పీట వేసుకుని, బకెట్లో కాళ్లు పెట్టుకుని కూర్చుంటుంది. అన్నం అక్కడికే, టీ అక్కడికే. ఇంకెవరైనా స్నానం చెయ్యాలంటే ఆవిడ కాళ్ల పక్కనుంచి చెంబు ముంచుకోవాలి. చూసి చూసి జోగినాయుడు ఇక ఆగలేక, "ఈ ఏడు నీకు కూలర్ కొంటానమ్మా" అని మాటిచ్చేశాడు. బజార్లో ఒకటి చూసి, నిమిరి, తనకే ఉంచమని పేరు చెప్పొచ్చాడు. పై నెల జీతం పడాలి, అంతే.

ఇంకేముంది, సరిగ్గా అప్పుడే లెక్కల సెక్షన్ హైమావతి మేడమ్ పిలిచింది.

"జోగినాయుడు గారూ, ఈ ఏడాది మీకు పన్ను పడుతోంది. పై నెల జీతంలో బాగానే కోస్తారు."

"కూలరంతా?"

"ఏంటీ?"

"కూలర్ ఎంతో అంత కోస్తారా అని."

"అంతే అనుకోండి. ఒక దారుంది. మీ పెన్షన్ ఖాతాకి జీతంలోంచి నెలనెలా కట్ అయ్యేది ఎలాగూ అవుతుంది. దాని మీద అదనంగా మీరు స్వచ్ఛందంగా ఇంకొంత కడితే, యాభై వేల దాకా పన్నులో మినహాయింపు వస్తుంది. మీరు పాత పద్ధతిలోనే ఉన్నారు కాబట్టి కుదురుతుంది. కట్టి, శుక్రవారం ఐదింటిలోపు రసీదు తెచ్చి చూపించండి."

"స్వచ్ఛందంగా అంటే ఏటండీ?"

"ఒకరి బలవంతం లేకుండా, ఒకరు చెప్పారని కాకుండా, మీ అంతట మీరు కట్టడం."

జోగినాయుడు ఆ మాటలు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. "మరి మీరు చెప్పేశారు కదండీ?"

మేడమ్ తలెత్తి ఫ్యాను వంక చూసింది.

డబ్బు లేక కాదు. చీటీ పాడిన డబ్బు బీరువాలో ఉంది. "ఇది మీ ముసలితనానికిరా, ఇంకోదానికి తియ్యకండి" అని పోలమ్మ ఒట్టు వేయించుకుంది కూడా. బాధల్లా ఆ మేడమ్ నోరు జారడమే. ఇప్పుడేం చెయ్యాలి? ఇంటికొచ్చి అందర్నీ కూర్చోబెట్టాడు. పోలమ్మ బకెట్‌తో సహా బయటికొచ్చింది.

"నేనొక పని చెయ్యాలి. అదేటో మీరు నాకు సెప్పకూడదు."

"ఏ పనండీ?" అంది నూకరత్నం.

"సెప్తే నీకు తెలిసిపోద్ది. తెలిస్తే నాకు సెప్పేస్తావు. సెప్తే అది చెల్లదు."

"ఓలమ్మో, ఎంత దూరం ఆలోచించారండీ!"

"మేడమ్ ఒకసారి సెప్పి పాడు చేసింది. ముందు అది మర్చిపోవాలి. తర్వాత నాకే తట్టాలి. శుక్రవారం లోపు."

"తట్టకపోతే అన్నియ్యా?" అన్నాడు గవరేశు.

"కూలర్ పోద్ది."

పోలమ్మ బకెట్ పట్టుకుని గొల్లుమంది. అంతే, ఇల్లంతా మరిపించే పనిలో పడింది. తల్లి అతని నడినెత్తిన చారెడు ఆముదం పెట్టి టపటపా చరిచింది.

"పోయిందేట్రా?"

"ఏదమ్మా?"

"అదేరా, ఆ మేడమ్ సెప్పింది."

"పోయింది కాస్తా రప్పించావు కదే!"

నూకరత్నం కాసేపాగి వచ్చి "మర్చిపోయారా అండీ?" అంది. మళ్లీ గుర్తొచ్చింది. గవరేశు ఆఫీసుకి ఫోన్ చేసి మరీ అడిగాడు, "అన్నియ్యా, మర్చిపోయావా?" అని. పైగా జోగినాయుడు తనే నిద్దట్లో "పెన్షను, పెన్షను" అని కలవరించేశాడు. ఇంకేముంది, ఇంట్లో అందరికీ తెలిసిపోయింది. ఇక ఎక్కడ నోరు జారతామోనని ముగ్గురికీ హడల్. టిఫిన్ దగ్గర గవరేశు "అన్నియ్యా, ఆ పెన్ష..." అన్నాడో లేదో, నూకరత్నం వేడి బజ్జీ తీసి వాడి నోట్లో కుక్కేసింది. పాపం వాడు ఏడుస్తూనే తిన్నాడు, బజ్జీ బాగానే ఉంది.

శుక్రవారం మధ్యాహ్నం భోంచేస్తున్నవాడు భోంచేస్తున్నట్టే లేచి నిలబడ్డాడు జోగినాయుడు.

"తట్టింది!"

"ఏం తట్టిందండీ?" అంది నూకరత్నం, ఏమీ ఎరగనట్టు.

"పెన్షన్ ఖాతాలో అదనంగా డబ్బు కడితే ఎలగుంటాదీ అని!"

"ఓలమ్మో! మాకెవరికైనా తట్టిందేటండీ ఈ ముక్క!"

ఎంగిలి చెయ్యి కడుక్కుని, బీరువాలో చీటీ డబ్బు తీసుకుని, పెళ్లాన్నీ తమ్ముణ్ణీ వెంటేసుకుని నెట్ సెంటర్‌కి పరిగెత్తాడు. నెట్ సెంటర్ ప్రకాశం కంప్యూటర్లో ఖాతా తెరిచి, "ఎంత వెయ్యమంటావు బాబాయ్? యాభై..." అన్నాడు.

"నోర్ముయ్యి! నువ్వు సెప్పకు!"

"సరే, నువ్వే చెప్పు. ఎంత?"

"అడిగితే మాత్రం నా అంతట నేను సెప్పినట్టవుద్దేటి?"

ప్రకాశం చేతులు కట్టుకుని కూర్చున్నాడు. గడియారం నడుస్తోంది. జోగినాయుడు వీధివైపు తిరిగి, ఎవరితోనూ కానట్టు "యాభై వేలు" అన్నాడు.

"నాతోనేనా బాబాయ్?"

"కాదు. నాలో నేను అనుకున్నాను. నువ్వు వినేవు, అది నీ ఇష్టం."

డబ్బు వెళ్లింది. మిషన్లోంచి రసీదొచ్చింది. జోగినాయుడు దాన్ని తీసి కళ్లకద్దుకోబోతుంటే ప్రకాశం, "ఇక అరవై నిండేదాకా ఈ డబ్బు ముట్టుకోడానికి లేదు బాబాయ్" అన్నాడు.

అంతే. నిప్పు మీద చెయ్యి పడ్డట్టు రసీదు వదిలేశాడు. అది నేల మీద పడింది. అతనికి నలభై ఆరు. పెళ్లానికి నలభై ఒకటి. గవరేశుకి ఇంకా పెళ్లే కాలేదు. ముగ్గురూ దాని చుట్టూ నిలబడ్డారు.

"కాలితో?" అన్నాడు గవరేశు.

"కాలికీ అరవై నిండాల్రా ఎదవా!"

నూకరత్నం ఒక్క పరుగున ఇంటికెళ్లి పొయ్యి దగ్గరి పటకారు తెచ్చింది. గవరేశు దాంతో రసీదు పట్టుకుని ముందు నడిచాడు. గాలికి ఎగరకుండా నూకరత్నం గొడుగు అడ్డం పెట్టింది. జోగినాయుడు చేతులు వెనక్కి కట్టుకుని వెనకాల నడిచాడు. బజారు బజారంతా ఆగి చూసింది.

"ఏట్రా అది, తేలా?" అనడిగాడు అరటిపళ్ల బండివాడు.

"కాదు. మా అన్నియ్య ముసలితనం" అన్నాడు గవరేశు.

ఆఫీసుకొచ్చేసరికి నాలుగున్నర. "హమ్మయ్య, తెచ్చారా? ఇవ్వండి" అని మేడమ్ చెయ్యి చాపింది.

"మీ వయసెంతండీ?" అన్నాడు జోగినాయుడు.

సెక్షనంతా టైపు కొట్టడం మానేసింది.

"ఏమన్నారు?"

"అరవై నిండాయా అండీ మీకు? చూస్తే నిండినట్టే ఉన్నారు గానీ, తర్వాత మాటొస్తాదని."

"నాకు నలభై మూడు!" అని లేచింది మేడమ్.

"అయితే ముట్టుకోకండి!" అని గవరేశు పటకారు వెనక్కి లాగాడు. అది టీ కప్పుకి తగిలింది. టీ మేడమ్ చీర మీద పడింది. ఇంకేముంది, "బయటికి నడవండి!" అన్న కేక కింద క్యాంటీన్ దాకా వినిపించింది.

మెట్ల మీద కూలబడ్డాడు జోగినాయుడు. కళ్లముందు బకెట్, బకెట్లో అమ్మ కాళ్లు. అప్పుడు తట్టింది, ఇది కూడా ఎవరూ చెప్పకుండానే. "ఒరే, అమ్మకి అరవై ఎనిమిదిరా!"

ఆటో వెళ్లింది, వచ్చింది. పోలమ్మ బకెట్లోంచి కాళ్లు తియ్యకుండానే దిగింది. గవరేశు బకెట్ మోస్తే, అన్నా వదినా ఆవిణ్ణి మోశారు. పోలమ్మ రసీదు రెండు చేతులా పట్టుకుని మేడమ్ మొహం ముందు పెట్టి, "చూసుకో తల్లీ, ముట్టుకోకు. సచ్చి నీ కడుపున పుడతాను, ఈ ముసల్దానికి గాలి ఇప్పించు" అంది.

బకెట్లో నానిన ఆ ముసలి కాళ్లు చూసి మేడమ్ కోపం సగం దిగింది. రసీదు చదువుకుంటూ కంప్యూటర్లో కొట్టింది. గడియారం ఐదు కొట్టింది.

"అయింది. పన్ను కొయ్యరు. జోగినాయుడు గారూ, ఒక్క ముక్క వినండి. ఇదంతా ముసలితనం కోసం చేసిన ఏర్పాటు. దీని సుఖం మీకు అరవై దాటాకే. అప్పటిదాకా నా గదికి రాకండి."

జీతం నిండుగా పడింది. కూలర్ వచ్చింది. షాపు మనిషి దాన్ని గదిలో పెట్టి, నీళ్లు పోసి, స్విచ్చి వేసి వెళ్లిపోయాడు. పోలమ్మ ఎదురుగా కూర్చుని "అబ్బబ్బ!" అంది. వెనకే గవరేశు ఉరికాడు. జోగినాయుడు గుమ్మానికి అడ్డం పడ్డాడు.

"ఆగు! ఈ కూలర్ ఎక్కడిది? మిగిలిన పన్నుది. పన్ను ఎందుకు మిగిలింది? పెన్షన్ కట్టి. దాని సుఖం ఎప్పుడన్నాది మేడమ్?"

"అరవై దాటాక" అంది నూకరత్నం, నీరసంగా.

తలుపు మూసేశారు. గంట గడిచింది.

"ఒరే జోగీ! చలేస్తంది రా! దీన్ని ఆపండ్రా!"

"అత్తా, ఆ తెల్ల బొత్తాం..." అనబోయింది నూకరత్నం.

"ష్! సెప్పకు!" అని జోగినాయుడు ఆమె నోరు మూశాడు. "ఆవిడంతట ఆవిడకే తట్టాలి."

తలుపు ఓరగా తీసి, పటకారుతో దుప్పటి లోపలికందించారు. తర్వాత ముగ్గురూ బాత్రూంలోకెళ్లి, పీటలు వేసుకుని, ఆరు కాళ్లూ ఆ ఒక్క బకెట్లో పెట్టుకుని కూర్చున్నారు.

"పద్నాలుగేళ్లు ఓపిక పట్టు రత్నం" అన్నాడు జోగినాయుడు చెమట తుడుచుకుంటూ. "నాకూ గాలొస్తాది."

"మరి మీకు చలేస్తేనండీ?"

"దుప్పటి నువ్వందిస్తావు."

"పటకారుతోనేనా?"

"మరి! నీకింకా అరవై నిండవు కదే."