అసిరమ్మ చిలికిన సున్నపుతేట

అనగా అనగా, మన ముత్తాతల ముత్తాతలకు ఇంకా బొడ్డూడని రోజుల్లో జరిగింది ఇది. ఏ ఏడని అడక్కండి. నాకు చెప్పినావిడకీ తెలియదు, ఆవిడకు చెప్పినావిడకీ తెలియదు. ఊఁ కొట్టేవాళ్ళు దగ్గరికి జరగండి, నిద్రొచ్చేవాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళిపొండి. నవ్వుకుని పడుకునే కథ కాదు, మొదటే చెబుతున్నాను.

ఒక పక్క సముద్రం, ఒక పక్క ఉప్పుటేరు, మధ్యలో ఇసుకదిబ్బ. దిబ్బ మీద పన్నెండు గుడిసెలు. ఆ గుడిసెల వాళ్ళది గుల్లసున్నం పని. ఏట్లో గుల్ల ఏరాలి, బట్టీలో గుల్ల కాల్చాలి, కాలిన గుల్ల మీద నీళ్ళు పోయాలి. నీళ్ళు పడగానే అది బుసకొట్టి, పొగలు కక్కి, పగిలి తెల్లటి సున్నమవుతుంది. చుట్టుపక్కల ఏ గోడ తెల్లగా ఉన్నా, ఏ నోరు తాంబూలంతో ఎర్రగా ఉన్నా, అదంతా ఆ పన్నెండు గుడిసెల కష్టమే. గోడలకు తెలుపు, నోళ్ళకు ఎరుపు, వాళ్ళ చేతులకు మాత్రం పగుళ్ళు.

అందులో చివరి గుడిసె అసిరమ్మది. మొగుడు పోటు మీదున్న ఏట్లోకి గుల్లకని దిగాడు, మళ్ళీ పైకి రాలేదు. ఉన్నది ఒక్కతే కూతురు, గున్నమ్మ. పద్నాలుగేళ్ళది, తల్లి మాట జవదాటదు.

అసిరమ్మ పని సున్నం కుండల దగ్గర. పెద్ద కుండలో సున్నం కలిపి, గోడలకు కొట్టుకునే వాళ్ళకు ముంచి పోయాలి. సున్నం ఊరికే ఉండదు కదా, అడుక్కి దిగిపోతుంది. అందుకని ముంచే ముందు కర్రతో ఒక తిప్పు తిప్పాలి. తిప్పి ముంచాలి, ముంచి పోయాలి, మళ్ళీ తిప్పాలి. ఇరవై ఏళ్ళుగా ఆమె కుడిచెయ్యి చేసింది అదే. తిప్పుతున్నట్టు ఆ చేతికే తెలియదు.

ఇక ఆ చేతుల సంగతి. సున్నం తిని తిని అవి తాటిమట్టలయ్యాయి. పొయ్యి మీది కుండను గుడ్డ లేకుండా దించేది. ముల్లు దిగితే పక్కవాళ్ళు చూసి చెప్పాలి. దిబ్బ మీద అలాంటి చేతులంటే గొప్ప. పిల్లనివ్వాలన్నా, చేసుకోవాలన్నా ముందు చేతులు పట్టి చూసేవాళ్ళు.

ఒకనాడు పొద్దున గున్నమ్మ కాలిన గుల్ల మీద నీళ్ళు పోస్తోంది. పైకి చల్లగా కనిపించిన ఒక గడ్డ లోపల ఇంకా మండుతూనే ఉంది. నీళ్ళు పడగానే అది పేలింది. ఉడుకు సున్నం పిల్ల మెడ మీద, భుజం మీద, రెండు చేతుల మీద పడింది. నీళ్ళతో కడిగారు, అరిటాకు పరిచి పడుకోబెట్టారు. తోలు ఊడి ఒళ్ళు ఎర్రగా తేలింది.

అప్పుడే నూనె ఇవ్వడానికి అవతలి ఊరి గానుగ చిలకమ్మ వచ్చింది. పెద్దావిడ, గానుగలో కొబ్బరినూనె ఆడే మనిషి. పిల్లను చూసింది, ఒళ్ళు చూసింది, అసిరమ్మను పక్కకు పిలిచింది.

"అసిరీ, నాలుగో నాటికి ఈ తోలు ఎండి బిగిసిపోతే పిల్లగుంట దక్కదే. మెత్తటి పూత పడాల."

"ఏటి పూత అప్పా? సెప్పు, సేస్తాను."

"సున్నపుతేటా, కొబ్బరినూనే. కాల్సినదే నయం సేస్తాది. కుండలో సున్నమేసి నీళ్ళు పోసి అలాగే ఒగ్గీ. సున్నం అడుక్కి పోతాది, పైన తేట నిలస్తాది. ఆ తేటే ముంచాల. నూనె దారంలాగ పోస్తా ఈనెల కట్టతో సిలకాల. ఎన్నలాగ వొస్తాది. మూడు మాటలు గెట్టిగా ఇను. తొందర పడొద్దు. సెయ్యి మార్సొద్దు. కుండ కదపొద్దు."

"తొందర పడొద్దు, సెయ్యి మార్సొద్దు, కుండ కదపొద్దు," అంది అసిరమ్మ.

"సిలికినాక ఏళ్ళ మద్దిన రుద్ది సూడు. గరుకు తగిల్తే పారబొయ్యి. మంట పుడితే పారబొయ్యి."

చిలకమ్మ నూనె కుండ అక్కడే పెట్టి, నాలుగో నాడు మళ్ళీ వస్తానని వెళ్ళింది.

ఆ రోజే అసిరమ్మ కుండలో సున్నం వేసి నీళ్ళు పోసింది. సాయంత్రానికి సున్నం దిగింది, తేట నిలిచింది. మూకుడులోకి తేట ముంచుకుంది. పక్కన పిల్ల మూలుగుతోంది. ఆ మూలుగు వింటూ నూనె దారంలా పోయడం ఎవరివల్ల అవుతుంది చెప్పండి? గుప్పున పోసేసింది. ఎంత చిలికినా నూనె పైన, నీళ్ళు కింద. సవతుల కాపరంలాగ ఒకదాన్నొకటి ముట్టలేదు. పారబోసింది.

రెండో నాడు తొందర పడలేదు. దారంలా పోసింది. తెల్లబడుతోంది, చిక్కబడుతోంది. ఇంతలో కుడిచెయ్యి నొప్పెట్టి ఎడమచేతికి మార్చింది, మార్చేసరికి తిప్పే వైపు కూడా మారిపోయింది. అంతే, విరిగిన పాలలాగ ముక్కలు ముక్కలైంది. ఏడ్చింది, పారబోసింది.

మూడో నాడు తొందర పడలేదు. చెయ్యి మార్చలేదు. కుండలో తేట అడుక్కి వచ్చింది. ముంచడానికి వంగింది. ఒక పక్క పిల్ల "అమ్మా" అంటోంది, ఒక పక్క రేపే నాలుగో నాడన్న భయం. ఆమె అటు చూస్తుండగా ఇరవై ఏళ్ళ కుడిచెయ్యి తన పని తాను చేసుకుపోయింది. కర్ర అందుకుంది. ఒక తిప్పు తిప్పింది. అప్పుడు ముంచింది.

ఈ చోట నేనెప్పుడూ గుక్కెడు నీళ్ళు తాగుతాను. కాసేపు ఆగండి.

చిలికితే పూత వచ్చింది. చక్కగా వచ్చింది. అనుకున్నదానికంటే తెల్లగా, అనుకున్నదానికంటే చిక్కగా, మూకుడు వంచినా జారనంత బాగా. అసిరమ్మ ఆ పూతను వేళ్ళ మధ్య రుద్ది చూసింది. గరుకు తగల్లేదు. అరచేతిలో రాసుకుని కూర్చుంది. మంట పుట్టలేదు. ఆ చేతులకు గరుకేమిటి, మంటేమిటి? ఆమెకు ఆ ఆలోచనే రాలేదు. మూడు రోజుల్లో మొదటిసారి నవ్వింది. పిల్ల ఒళ్ళంతా మందంగా రాసింది.

"అమ్మా, మండతన్నాదే," అంది గున్నమ్మ.

"మందంటే మండదేటే? ఓర్సుకో."

"అమ్మా, మండతన్నాదే."

"పట్టింది గావాల. ఓర్సుకో గుంటా."

"అమ్మా, మండతన్నాదే. కడిగీవే."

"నా బంగారు కదా, నా తల్లి కదా, ఓర్సుకో."

తల్లి మాట జవదాటని పిల్ల. పళ్ళు బిగించి ఓర్చుకుంది. మరి నోరెత్తలేదు. మందు పని చేసింది, పిల్ల కుదుటపడింది అనుకుని అసిరమ్మ పక్కనే కూర్చుని విసిరింది.

నాలుగో నాడు పొద్దున్నే చిలకమ్మ వచ్చింది. మూకుడులో మిగిలింది వేలితో తీసి రుద్దింది. రుద్దిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"అసిరీ, దీన్లో సున్నముందే."

"నేదప్పా. తేటే ముంచినాను."

"ముంచే ముందర కదిపినావేటి?"

అసిరమ్మ కాదనబోయి తన కుడిచెయ్యి వైపు చూసింది. ఆ చెయ్యేం చేసిందో అప్పుడు గుర్తొచ్చింది.

కుండలకు కుండలు నీళ్ళు పోసి కడిగారు. కానీ సున్నం ఒక పగలూ రాత్రీ పిల్లను తింది. గున్నమ్మ తొమ్మిది రోజులు బతికింది. తల్లి ఏడుస్తుంటే చివరి రోజున ఆ పిల్లే ఓదార్చింది. "ఇప్పుడు మండట్నేదులే అమ్మా," అంది. ఆ మాట అని పోయింది.

నీ తప్పు లేదన్నారు దిబ్బ మీద వాళ్ళు. మేమైనా తిప్పేవాళ్ళమే అన్నారు. చిలకమ్మ కూడా అంది, నీ చేతి తప్పు కాదే, నా తప్పు, ఆ చేతులతో చూడమన్నాను అని. అసిరమ్మ నెల రోజులు గుడిసెలోంచి బయటికి రాలేదు.

నెల గడిచాక బట్టీ దగ్గర కాలు కాల్చుకున్న ముసలాయన్ని ఆమె గుమ్మం ముందు నుంచే మోసుకుపోయారు. అది చూసి లేచింది. కుండలో సున్నం వేసింది, నీళ్ళు పోసింది, ఒక పగలూ రాత్రీ ఆగింది. ముంచే వేళకు కుడిచేతిని కొంగుతో నడుముకు బిగించి కట్టేసుకుంది. ఎడమచేత్తో ముంచింది. అప్పుడు కట్టు విప్పి, తొందర పడకుండా, చెయ్యి మార్చకుండా చిలికింది. చిలికి, వేళ్ళతో చూడలేదు. తన ఒంట్లో సున్నానికి మొద్దుబారనిది ఒక్క పెదవే అని ఆలోచించి, పూత తీసి కింది పెదవికి రాసుకుంది. రాసుకుని ఎండలో కూర్చుంది. నీడ ఒక అడుగు జరిగేదాకా కూర్చుంది. మంట లేదని తేలాక ముసలాయన కాలికి రాసింది. కాలు మానింది.

అప్పటినుంచి ఆమెకు అదే పని. కాలిన ఒంటికి చిలికింది, పగిలిన మడమలకు చిలికింది, ఉప్పుగాలికి చర్మం తెట్టు కట్టిన పసివాళ్ళకు చిలికింది. మీరిప్పుడు సీసాల్లో కొనుక్కుని పూసుకుంటున్నారే లోషను, దానికి అదే తాత. ఏ నాడైనా తేటలో పిసరు సున్నం వచ్చిందంటే ముందు ఆమె పెదవే పొక్కేది. పొక్కి, మాని, మళ్ళీ పొక్కి ఆ పెదవి నల్లగా మచ్చకట్టింది. ఆ మూకుడు మాత్రం గుమ్మం దాటేది కాదు.

పూత రాసేటప్పుడు ఏ బిడ్డయినా మండుతోందంటే, మంచి పూత అయినా సరే, ముంత నీళ్ళు తీసుకుని కడిగేసేది. "ఇన్నాను గుంటా, ఇన్నాను," అనేది. మళ్ళీ చిలికేది. ఒక్కోసారి పిల్లలు వట్టి మారాం చేసేవాళ్ళు, మంటా ఉండదు పాడూ ఉండదు. అయినా కడిగేది. మంచి మందు మట్టిపాలు చేస్తావేటే అని ఆడవాళ్ళు విసుక్కునేవాళ్ళు. ఆమె వినిపించుకునేది కాదు.

తన చేతులకు మాత్రం ఎప్పుడూ రాసుకోలేదు. పగుళ్ళు నెత్తురు కారేవి. రాస్తామని వస్తే వెనక్కి లాక్కునేది. "ఒద్దమ్మా. ఆయేళ రాసినియ్యి ఈ సేతులే," అనేది. చిలకమ్మ బతిమాలింది, తర్వాత చిలకమ్మ కూతురు బతిమాలింది, తర్వాత మనవరాలు బతిమాలింది. ముగ్గురికీ అదే మాట.

అలా ముసలిదైపోయి ఒక మధ్యాహ్నం కుండ పక్కనే ఒరిగిపోయింది. అప్పటికి కుడిచెయ్యి నడుముకు కట్టే ఉంది. దిబ్బ మీది ఆడవాళ్ళు ఆ కట్టు విప్పారు, నీళ్ళు పోశారు. ఆ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ఒకరి తర్వాత ఒకరు పూత రాశారు. బతికుండగా ఒక్కనాడూ రాయనివ్వని చేతులు, చచ్చాక ఏం చెయ్యగలవు? ఆ పూత ఇంకలేదు. పైపైనే ఉండిపోయింది. అలాగే తీసుకుపోయి గున్నమ్మ పక్కన పెట్టారు.

ఇప్పుడు ఆ దిబ్బ మీద బట్టీ లేదు, గుల్ల ఏరేవాళ్ళూ లేరు. కానీ ఏటి వెంట ఉన్న ఊళ్ళలో ఇప్పటికీ ఎవరైనా ఈ పూత చేస్తే తేటను ఎడమచేత్తోనే ముంచుతారు. మంచి పనికి ఎడమచెయ్యేమిటని కొత్త కోడళ్ళు ముక్కున వేలేసుకుంటే, ఇది అసిరమ్మ చెయ్యి, ఊరుకో అంటారు. చిలికాక మొదటి పూత చేసినవాళ్ళ పెదవికి. నీడ అడుగు జరిగాకే మరొకరి ఒంటికి.

ఇంకొకటి. దెబ్బ ఏదైనా, మందు ఏదైనా, ఆ ఊళ్ళలో పిల్లలకు రాసేటప్పుడు ఓర్చుకోమనరు. మిగతా అన్నిటికీ అంటారు. ఆకలికి అంటారు, వానకి అంటారు, చదువుకి అంటారు. మందు రాసేటప్పుడు మాత్రం ఆ మాట వాళ్ళ నోట రాదు. బిడ్డ మండుతోందనగానే తల్లి చేతిలోది కింద పెట్టి నీళ్ళ ముంత అందుకుంటుంది. కడుగుతూ "ఇన్నాను గుంటా, ఇన్నాను" అంటుంది. రెండోసారి చెప్పించుకోదు.