సగం నాది, సగం అతనిది

అనంతయ్యకు మూడు రోజులుగా కంటి మీద కునుకు లేదు. ఆశ్రమం వెనక కాలిబాటను ఆనుకుని ఎరువు కోసం నడుంలోతు గొయ్యి తవ్వింది ఆయనే. దాని నిండా ఎండాకులు పోసి, చుట్టూ ఏమీ అడ్డం పెట్టకుండా స్నానానికి వెళ్లిందీ ఆయనే. రోజూ ఆ బాటన తాటివనానికి కల్లు గీయడానికి పోయే సాయిలు గౌడు అందులో పడి కాలు విరగ్గొట్టుకున్నాడు.

అనంతయ్య చెడ్డవాడేం కాదు పాపం. గౌడును ఇంటిదాకా మోసుకెళ్లాడు, కట్టు కట్టించాడు. కానీ తర్కం చదువుకున్న బుర్ర కదా, అక్కడితో ఊరుకుంటుందా? అసలు తప్పు తనదేనా, అయితే ఎంత అని ఒకటే తొలుస్తోంది.

నాలుగో రోజు పొద్దున్నే గురువు దగ్గరికి చేరాడు. ఆయన్ని అందరూ గొంగడి స్వామి అంటారు. మండుటెండలోనూ భుజం మీది గొంగడి దించడు, మాటలు మాత్రం మహా పొదుపు.

శిష్యుడి వాదన చాలాసేపే సాగింది. గౌడు మీద తనకు పగ లేదు. తవ్వింది నలుగురి మంచికే. పైగా ఆ మనిషి పైకి చూస్తూ నడిచాడట. ప్రాయశ్చిత్తంగా తొమ్మిది రోజులు ఉపవాసం ఉందామనుకున్నాడు గానీ, తప్పు సగమే అయితే తొమ్మిదీ ఎందుకుండాలని అనుమానం వచ్చింది.

"సగం నాది, సగం అతనిది అనుకోవచ్చా స్వామీ?"

స్వామి లేచి, నడుస్తూ మాట్లాడుకుందాం రమ్మన్నాడు. కాలిబాట ఎక్కాక, వనంలో ఎన్ని చెట్లకు కల్లు కుండలు కట్టి ఉన్నాయో లెక్కపెట్టమన్నాడు. ఇదేం పరీక్షో చూద్దామని అనంతయ్యకు హుషారు పుట్టింది. మెడ ఎత్తి లెక్కపెడుతూ నడిచాడు. పదకొండు దాకా వచ్చాడో లేదో, స్వామి వెనక నుంచి భుజం పట్టి ఒక్క గుంజు గుంజాడు.

అనంతయ్య కిందికి చూశాడు. ముందు కాలు ఎండాకుల అంచున ఉంది. గొయ్యి మూడు రోజుల కింద ఎలా వదిలాడో అలాగే ఉంది.

"సాయిలు ఈ దారిన ఎటు చూస్తూ పోతాడు?" అని అడిగాడు స్వామి.

అది అనంతయ్య రోజూ కళ్లారా చూస్తున్నదే. గీసేవాడి చూపు ఎప్పుడూ చెట్ల మీదే ఉంటుంది. అనంతయ్యకు సిగ్గేసింది.

పరుగున వెళ్లి దుంగలు తెచ్చి గొయ్యి మీద పరిచాడు. చుట్టూ ముళ్లకంప నాటాడు. అయ్యేదాకా స్వామి అక్కడే కూర్చున్నాడు.

"ఇప్పుడు అడుగు," అన్నాడు.

అనంతయ్యకు అడగాల్సింది ఇంకొకటి తోచింది. దానికి జవాబు స్వామి దగ్గర లేదు. తిన్నగా సాయిలు ఇంటికి నడిచాడు.

సాయిలు మంచంలో ఉన్నాడు. భార్య లచ్చవ్వ గడపలో కూర్చుని ఉంది.

"అమ్మా, గీయక ఎన్ని చెట్లు కల్లు కారకుండ ఆగినయి?"

"ఏడు ఆగినయి అయ్యగారూ. పొద్దుమాపు గీయకుంటే మిగిలినయి కూడ ఆగుతయి. మా తమ్ముడు వచ్చి గీస్తనంటడు. కానీ వాడు ఇటొస్తే వాని మడికి నీళ్లు పెట్టేటోళ్లు లేరు."

అనంతయ్య పంచె ఎగ్గట్టాడు.

"ఆ మడి ఎటు దిక్కు?"