మూడు వేళ్ళ చేయి

అనగనగా ఒక ఊళ్ళో, ఊరంటే మన ఊరు వంటిది కాదు చారూ, సముద్రాలకు ఆవల ఏడు కొండల మీద వెలసిన రోమాపురిలో, కల్వేనుడనే సేనాపతి ఉండేవాడు.

ఏమిటీ, ఏడు కొండలంటే తిరుపతా అంటావా? కాదే పిచ్చితల్లీ. ఏడు కొండలున్నంత మాత్రాన శ్రీనివాసుడు వచ్చి నిలుస్తాడా? అక్కడ కొండ మీద కూర్చున్నవాడు ఒక చక్రవర్తి. దేవుణ్ణి నేనే అని అతడి నమ్మకం. సరే, ఇటు తిరిగి పడుకో. నడుమ నా గొంతు పెరిగితే జడుసుకోకు. ఈ కథ ఎత్తుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

కల్వేనుడికి తండ్రి లేడు. తల్లి వీబియ పెంచింది. "నాయనా, నీ వెనుక నడిచేవాడు తిన్న తర్వాతే నువ్వు తిను" అని చిన్ననాడే చెప్పింది. ఆ మాట అతడికి వేదమయింది. సేనాపతి అయ్యాక కూడా భటులు తిన్న రొట్టే తిన్నాడు, భటులు పడుకున్న నేల మీదే పడుకున్నాడు, భటులు తడిసిన వానలోనే తడిశాడు.

ఒకసారి ఉత్తరదేశపు అడవుల్లో యుద్ధం వచ్చింది. శత్రువులు మూడు వైపులా కమ్ముకున్నారు. నాలుగో వైపు ఏరు, వరదతో పరవళ్ళు తొక్కుతోంది. అప్పుడు కల్వేనుడు ఈ గట్టు చెట్టు నుంచి ఆ గట్టు చెట్టుకు పెద్ద మోకు కట్టించాడు. దాన్ని పట్టుకొని బలవంతులు దాటారు. ఆ తర్వాత పిన్నవయసువాళ్ళు దాటారు. ఇక గాయపడినవాళ్ళు మిగిలారు. అంతలో ఈ గట్టు చెట్టు కాస్తా కూకటివేళ్ళతో పెళ్ళగిలింది.

అప్పుడా మహానుభావుడు మోకును కుడిచేతికి చుట్టుకొని, బండకు కాలు తన్నిపెట్టి నిలిచాడు. చివరి క్షతగాత్రుడు ఆవలి గట్టు చేరేదాకా నిలిచాడు. ఆ తర్వాత మోకు నడుముకు బిగించుకొని ఏట్లో దూకితే, సైనికులే అవతలికి లాక్కున్నారు. చూస్తే, కుడిచేతికి ఉంగరపు వేలూ చిటికెన వేలూ లేవు. మోకు కోసుకుపోయింది. అందరూ గొల్లుమంటే అతడు నవ్వాడట. "ఏడవకండిరా. ఉంగరం పెట్టుకునే బెడద వదిలింది" అన్నాడట.

ఆ దేశంలో ఒక ఆచారం ఉంది. శత్రువు కోటగోడ ముందుగా ఎక్కినవాడికి బంగారు కిరీటం పెడతారు. తోటివాడి ప్రాణం కాపాడినవాడికి ఆకుల కిరీటం పెడతారు. సేననంతటినీ కాపాడినవాడికి గడ్డి కిరీటం పెడతారు. ముఖం అలా పెట్టకు! మూడింటిలో గడ్డిదే మహోన్నతం. మనం వినాయకుడికి పెట్టే గరిక లేదూ, అటువంటిదే. ప్రాణాలు నిలిచిన ఆ నేల మీద మొలిచిన గడ్డిని, ప్రాణాలు దక్కినవాళ్ళే పీకి, వాళ్ళే అల్లి, వాళ్ళే పెట్టాలి. చక్రవర్తి ఇస్తానన్నా చెల్లదు, అడిగినా దొరకదు.

సైనికులు ఏటి గట్టున గడ్డి పీకి, ఏడుస్తూ నవ్వుతూ కిరీటం అల్లి కల్వేనుడి తలకు పెట్టారు. తిరిగి వచ్చాక ఊరి నడుమ అతడి శిలావిగ్రహం నిలిపారు. ఉన్నది ఉన్నట్టే చెక్కించారు, కుడిచేతికి మూడు వేళ్ళతో.

ఈ సంగతి చక్రవర్తి చెవిన పడింది. బంగారు కిరీటాలు పెట్టెల నిండా ఉన్నవాడికి గడ్డి మీద కన్ను పడింది! తోటలో గడ్డి కోయించి, తనకొకటి అల్లించుకున్నాడు. అద్దంలో చూసుకుంటే మేత మోస్తున్న గాడిద కనిపించింది. అప్పుడు ఆ కోపమంతా కల్వేనుడి మీదికి మళ్ళింది.

"నా అనుమతి లేకుండా కిరీటం అల్లిన సేనది ద్రోహం. పదిమందికి ఒకణ్ణి చీటీ తీసి, మిగిలిన తొమ్మిదిమంది చేతా కొట్టించి చంపుతాను. లేదా కల్వేనుడు సభలో నిలబడి ద్రోహం నాదేనని ఒప్పుకొని విషం తాగాలి" అని కబురంపాడు.

విన్నావా ఆ మాట! తోడబుట్టినట్టు బతికినవాళ్ళ చేత తోటివాణ్ణి చంపిస్తాడట! అది శిక్షా? ఏ యముడి చిట్టాలోనైనా ఉందా?

సైనికులు కత్తులు దూశారు. "దొరా, మాట చెప్పు. ఆ సింహాసనం మీద నిన్ను కూర్చోబెడతాం" అన్నారు.

"మిమ్మల్ని ఏరు దాటించింది మీ చేత మీ ఊరినే తగలబెట్టించడానికా?" అన్నాడు కల్వేనుడు. "కత్తులు లోపల పెట్టండి."

ఆ తర్వాత తల్లి దగ్గరికి వెళ్ళాడు. వీబియ కొడుకు చేయి పట్టుకుంది. ఆ మూడు వేళ్ళను కళ్ళకద్దుకుంది. "నీ వెనుకవాళ్ళు తిన్నారా నాయనా?" అని అడిగింది. "తిన్నారమ్మా" అన్నాడు. అంతే, సభకు నడిచాడు.

సభ నిండా వృద్ధులు, తెల్లని వస్త్రాలు, నెరసిన తలలు. వాళ్ళలో కొందరి కొడుకులు ఆ మోకు పట్టుకొని బతికి వచ్చినవాళ్ళే. కల్వేనుడు "ద్రోహం నాదే" అన్నాడు. అది అబద్ధమని అందరికీ తెలుసు. ఒక్కడు లేచాడా? ఒక్కడు కాదన్నాడా? నోరు విప్పలేకపోతే పోనీ, ఒక్కడు తుమ్మినా అపశకునమని సభ ఆగేది కదే! ఆ పాటి పుణ్యానికి కూడా నోచుకోలేదు. అంత చదువూ, అంత పెద్దరికమూ బూడిదలో పోసిన పన్నీరు. వాళ్ళ నిశ్శబ్దంలోనే అతడు విషం తాగాడు. నేల మీదే పడుకున్నాడు, భటుడిలాగే.

అక్కడితో ఆగిందా ఆ కసి? కల్వేనుడి పేరు ఏ రాతి మీదా ఉండరాదని ఉలులతో చెరిపించేశాడు. అతడి ఇల్లు కూల్పించాడు. కన్నతల్లి ఏడవకూడదని చాటింపు వేయించాడు. ఇక విగ్రహం మిగిలింది. "రాయి మేలైనది, పారేయడం దేనికి? తల తీసి నా తల పెట్టండి" అన్నాడు. ఆ దేశంలో అదీ ఒక వాడుకే. పెట్టారు. ఆ తర్వాత మరో చాటింపు వేయించాడు: "ఈ విగ్రహానికి అందరూ మొక్కాలి. దీని మీద ఉలి వేసినవాడి తల తెగుతుంది."

మరునాడు వీబియ వచ్చింది. పైకి కన్నెత్తి చూడలేదు. విగ్రహం కుడిచేతిని రెండు చేతులా పట్టుకొని, మూడు వేళ్ళను కళ్ళకద్దుకుంది. కావలివాళ్ళు ఏమనగలరు? మొక్కమన్నది చక్రవర్తే కదా! ఆ తర్వాత ఒక కుంటి సైనికుడు వచ్చాడు. ఆ తర్వాత ఊరంతా వరుస కట్టింది.

"చూశారా, నేనంటే ఎంత భక్తో!" అని పొంగిపోతూ చక్రవర్తి చూడవచ్చాడు. జనం మొక్కుతున్నారు. ఒక్కడూ ముఖం చూడడం లేదు. చేయి పట్టుకుంటున్నారు, వెళుతున్నారు. అప్పుడు ఆ చేతికి ఎన్ని వేళ్ళున్నాయో అతడు చూశాడు.

మైనంతో రెండు వేళ్ళు అతికించాడు. ఎండకు కరిగాయి. సున్నంతో అతికించాడు. వానకు కరిగాయి. చివరికి శిల్పిని పిలిచి, "ఆ చేయి కొట్టెయ్" అన్నాడు.

శిల్పి ఉలి కింద పెట్టాడు. "ఉలి వేస్తే తల పోతుందన్నది తమరే ప్రభూ."

"నేనే చెబుతున్నాను కదా, కొట్టు!"

"ఇవాళ కొట్టమంటారు, రేపు కొట్టానని నా తల కొట్టిస్తారు. సేనను కాపాడినవాడికే దిక్కు లేనప్పుడు, రాళ్ళు కొట్టుకునే నాకెక్కడిది?"

ఊరిలో ఒక్క శిల్పీ ఉలి ఎత్తలేదు. కొంతకాలానికి సొంత కావలివాళ్ళే చక్రవర్తి మీద పడ్డారు. అతడికోసం మోకు పట్టే చేయి ఒక్కటీ లేకపోయింది. వానలకు విగ్రహం ముఖం అరిగి, అది ఎవరిదో ఎవరికీ తెలియకుండా పోయింది. చేయి మాత్రం తాకినవాళ్ళ చేతుల తడితో అద్దంలా మెరిసింది.

పేరు చెరిపేశారు కదా, నాకెలా తెలిసిందంటావా? రాతి మీది పేరు చెరపవచ్చు తల్లీ. అమ్మల నోటి మీది పేరు చెరపడానికి ఉలి పుట్టలేదు.

ఏదీ, నీ చేయి ఇలా ఇవ్వు. ఆ రెండు వేళ్ళూ ఎందుకు మడిచావు? ఓహో! సరే, అలాగే మడిచి ఉంచు. అలాగే నా చేయి పట్టుకో.

గడ్డి కిరీటం గట్టున మొలిచె,
పసిడి కిరీటం మట్టిని కలిసె,
కథ కంచికి కాలినడకన కదిలె,
మన ఇంట కంటికి నిద్దుర కుదిరె.