దిష్టిబొమ్మ సాక్ష్యం

పూర్వం ఒక పట్నంలో శెట్టిగారింట్లో వెండి చెంబు పోయింది. దొంగ గోడ దూకుతుంటే చూసింది శెట్టిగారి మనవరాలు బుచ్చి ఒక్కతే. ఐదేళ్ల పిల్ల. కొత్వాలు అనుమానమున్న నలుగురిని వరసగా నిలబెట్టి, "వీళ్లలో ఎవరో చూపించు" అని గద్దించాడు. పిల్ల నాగన్నను చూపించింది. తెల్లారితే నాగన్నను దేశం నుంచి వెళ్లగొడతారు.

నాగన్న తల్లి గంగులమ్మ కొత్వాలు చావడికి వచ్చింది. "అయ్యా, నా కొడుకును లోపలే ఉంచండి. మీ మనుషుల్నే నిలబెట్టి ఆ పిల్లను అదే మాట అడగండి."

కొత్వాలు నవ్వి సరేనని తన మనుషుల్ని వరసగా నిలబెట్టాడు. బుచ్చి బిక్కమొహంతో అతని బావమరిదిని చూపించింది.

"వీడు ఆ పూటంతా నాతోనే ఉన్నాడే," అన్నాడు కొత్వాలు.

"చూపించమన్నారుగా," అంది పిల్ల, ఏడుపు ఆపుకుంటూ.

గంగులమ్మ తన చేలోని దిష్టిబొమ్మను తెచ్చింది. నాగన్నతో సహా మొదటి నలుగురినీ మళ్లీ నిలబెట్టించి, వరస చివర బొమ్మను పాతింది. "దొంగ వీళ్లలో ఉంటే చూపించు తల్లీ. లేకపోతే బొమ్మను ముట్టుకో. ఎవరూ కోప్పడరు."

పిల్ల ఒక్కొక్కరి మొహం తీరిగ్గా చూసింది. నాగన్న దగ్గర ఆగింది. బుచ్చి తల అడ్డంగా ఊపి, పరుగున వెళ్లి బొమ్మను పట్టుకుంది.

కొత్వాలు నాగన్న సంకెళ్లు విప్పించాడు.

"బొమ్మను కూడా కొట్లో పెడతారా?" అడిగింది బుచ్చి.

"లేదమ్మా, అది చేను కాపలాకు పోవాలి," అంది గంగులమ్మ.

నాగన్న బొమ్మను భుజానేసుకున్నాడు. గంగులమ్మ దారిపొడుగునా అతని రెండో చెయ్యి వదల్లేదు.